దీపం ఆర్పే డబ్బా, ఆర్పని డబ్బా

సిద్దిపేట బస్టాండు ఎదురు సందులో నాకు దుకాణం ఉన్న రోజుల్లో నా చొక్కాలన్నింటికీ పొట్ట దగ్గర చిల్లులుండేవి. బ్యాటరీని పొట్టకానించి ఎత్తడం నా అలవాటు. యాసిడ్ చుక్క పడిన చోట బట్టకు అప్పుడేం కాదు, ఉతికిన రోజు ఊడి చేతికొస్తుంది. నాకు చొక్కాలు కుట్టించేకంటే గోనెసంచికి మెడ కోసివ్వడం నయమని మా ఇంటామె సణిగేది. నాకు కోపమొచ్చేది. అప్పట్లో నాకు దేనికైనా కోపమొచ్చేదనుకోండి.

బోర్డు మీద రేడియో, టేప్ రికార్డర్ రిపేరు అని రాయించాను గానీ, ఎనభైల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగింది బ్యాటరీ ఛార్జింగుతోనే. శనివారం మధ్యాహ్నం నుంచి ఊళ్ల బ్యాటరీలు దిగేవి. కొన్ని బస్సు టాపు మీద, కొన్ని సైకిల్ క్యారియర్ మీద. రాయపోల్ నుంచి ఒక పెద్దమనిషి దాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చి, ఆ పంచె ఉతికిన రోజు సగం పోగొట్టుకున్నాడు. ఊరంతటికీ ఒక్క టీవీ, ఆ టీవీకి ఒక్క బ్యాటరీ. ఆదివారం పొద్దున అది పనిచేయకపోతే తెచ్చినవాడికి ఊళ్లో మొహం చెల్లదు. అందుకని నా దుకాణం అరుగు మీద కూర్చుని, బీడీ మీద బీడీ కాలుస్తూ, ఎక్కిందా ఎక్కిందా అని నా ప్రాణం తీసేవాళ్లు.

ఒక్కో బ్యాటరీ మీద సుద్దముక్కతో ఊరిపేరు రాసేవాడిని. గజ్వేల్ తోవ ఊళ్లవి ఒక వరుస, దుబ్బాక తోవ ఊళ్లవి ఇంకో వరుస. అన్నీ కలిసి బుడబుడమని ఉడుకుతుంటే, ఆ పుల్లటి వాసన ముక్కుకెక్కి పక్క హోటలాయన చాయ్ కూడా పుల్లగానే తోచేది. మధ్యమధ్య గాజుగొట్టంతో లోపలి నీళ్లు పీల్చి, అందులో తేలే బుడ్డి ఎంత పైకొచ్చిందో చూసేవాడిని. అరుగు మీద కూర్చున్నవాళ్లు దవాఖానలో డాక్టర్ని చూసినట్టు నన్ను చూస్తూ, జరం ఎంతున్నదని అడిగేవాళ్లు. ఒకడు అడిగితే అందరూ నవ్వేవాళ్లు. వారం వారం అదే మాట, వారం వారం అదే నవ్వు. కసిరేవాడిని. ఇప్పుడు ఆ సందులో ఆ చప్పుడూ లేదు, ఆ వాసనా లేదు. ఎవరైనా వచ్చి జరం ఎంతున్నదని అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

తొంభైలు మొదలయ్యాక, సామాన్లకని హైదరాబాదు పోయినప్పుడు మొదటిసారి సోలార్ ప్లేటు చూశాను. దుకాణం ముందు ఎండలో నీలిరంగు పలక నిలబెట్టి, దానికొక చిన్న ఫ్యాను తగిలించారు. ఫ్యాను తిరుగుతోంది. పలక మీద చెయ్యి అడ్డం పెడితే ఆగుతోంది, తీస్తే తిరుగుతోంది. ముప్పై దాటినవాడిని, పెళ్లయినవాడిని, అరగంట సేపు చెయ్యి పెడుతూ తీస్తూ నిలబడ్డాను. దుకాణమాయన విసుక్కునేదాకా కదల్లేదు.

ఒక ప్లేటు తెచ్చి మా దుకాణం కప్పు మీద పెట్టాక సిద్దిపేటలో సగం మంది వచ్చి చూసిపోయారు. కల్లుగీసే ఒక తాత మాత్రం నిచ్చెనెక్కి దగ్గరగా చూసి, వేలితో కొట్టి చూసి, ఎండను పట్టి డబ్బాలో దాచుకుంటున్నావన్నమాట అన్నాడు. నాకు తెలిసినంతలో సోలార్ గురించి అంత సరిగ్గా చెప్పినవాడు ఇంకొకడు లేడు.

అయితే ఎండను అట్లా నేరుగా దాచడం కుదరదు. ప్లేటుకీ బ్యాటరీకీ మధ్య ఒక కంట్రోలర్ ఉండాలి. మా దగ్గర అందరూ డబ్బా అనేవాళ్లు. బ్యాటరీ నిండాక కూడా ప్లేటు పంపుతూనే ఉంటే లోపలి నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి. పొయ్యి మీద పాలు పెట్టి పక్కన మనిషి లేకపోతే ఎట్లాగో, అట్లా. ఆ పక్కనుండే మనిషే డబ్బా.

నేనూ ఒక డబ్బా తయారుచేశాను. రేకు పని చేసే ఆయనతో పెట్టె చేయించి, నీలిరంగు వేసి, లోపల నాలుగు సామాన్లు నా చేత్తో అతికించాను. బ్యాటరీ నిండగానే టక్కుమని చప్పుడు చేసి ఎండను ఆపేది. ఆ టక్కు వింటే నాకు కడుపు నిండేది. దుకాణంలో ఎవరున్నా మాట ఆపి, విన్నారా అని అడిగేవాడిని. హైదరాబాదు నుంచి తెచ్చే డబ్బా ఖరీదులో నాది నాలుగో వంతు కూడా ఉండదు. అగ్గువ డబ్బా అని పేరొచ్చింది. ఆ పేరు నాకు నచ్చేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి హైదరాబాదు డబ్బా విప్పి చూశాను. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, నా కడుపు మండిపోయింది. నా డబ్బాకు ఒక్క పనే తెలుసు. నిండితే ఆపడం. ఆ డబ్బాకు అన్నీ తెలుసు. ఎండాకాలం వేడికి బ్యాటరీ తొందరగా ఉడుకుతుందని తెలుసు, వేడిని బట్టి ముందే తగ్గించుకుంటుంది. ఎర్ర తీగా నల్ల తీగా తారుమారు చేస్తే నోరు మూసుకుని కూర్చుంటుంది. నాదైతే అగరుబత్తి కట్ట వెలిగించినట్టు పొగ వదిలేది. ముందు భాగాన ఒక ముల్లు మీటరు, మూడు చిన్న దీపాలు. ఆకుపచ్చ వెలిగితే బ్యాటరీ బాగుందని, పసుపు వెలిగితే తగ్గుతోందని, ఎర్రది వెలిగితే ఇక చాలని. ఎర్రది వెలగగానే ఇంట్లో లైటును ఆ డబ్బాయే ఆర్పేస్తుంది. ఎంత బతిమాలినా మళ్లీ ఎండ తగిలేదాకా వెలగనివ్వదు. బ్యాటరీని అడుగంటా వాడితే లోపలి పలకలు చస్తాయి. అందుకే ఆ కట్టుదిట్టం. అంతా చూసి, స్క్రూలు బిగించి, ఎవరికీ చెప్పకుండా అల్మారాలో పెట్టాను.

ఆ ఏడాది చలికాలంలోనే దుబ్బాక దాటాక ఉన్న ఒక ఊరి నుంచి మొగుడూ పెళ్లాలు వచ్చారు. నేతవాళ్లు. ఆయన నాకంటే మూడు నాలుగేళ్లు చిన్న. సన్నగా, తొందరగా, కూర్చున్న చోట కూర్చోకుండా ఉండే మనిషి. ఆమె నిదానం. ఒక మాట అడిగి, జవాబు పూర్తిగా విని, అప్పుడు ఇంకో మాట అడుగుతుంది. వాళ్ల వాడ ఊరి చివర ఉంటుంది, అక్కడిదాకా కరెంటు స్తంభం రాలేదు. మగ్గం గుంటలో ఉంటుంది కనుక ఇంట్లో అందరికంటే ముందు చీకటి పడేది నేసేవాడికే. కిరసనాయిలు దీపం పెడితే మసి పడుగు మీద పడుతుంది. పగటి వెలుతురుతో నేసే చీరలు ఇల్లు గడవడానికి చాలడం లేదు. వాడలో సగం మగ్గాలు అప్పటికే మూలపడ్డాయి, మొగవాళ్లు బొంబాయి దగ్గర భివండిలో మరమగ్గాల మీద పనికి పోయారు. ఈయనకు కూడా అక్కడ చోటు చూశామని కబురొచ్చి నెలయింది.

ఇదంతా చెప్పి, ఆమె నాతో మొదటిసారి సూటిగా అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది.

"పొద్దు గూకినంక రెండు గంటలు లైటుంటే సాలన్నా, ఆయన ఈడ్నే ఉంటడు. లేకుంటే బీవండి పోతడు."

రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి నేరుగా నా నీలి డబ్బా మీదికే పోయింది, అగ్గువ కదా. ఆమె మాత్రం రెండింటికీ తేడా ఏమిటని అడిగింది. చెప్పాను. మూడు దీపాల గురించి మళ్లీ చెప్పించుకుంది. చివరికి చెవులకున్న కమ్మలు తడుముకుని, ఖరీదైన హైదరాబాదు డబ్బా చూపించి, పిరమైందే కానీ అన్నది. నాకు మనసు చివుక్కుమంది. సరుకు అమ్ముడుపోయినందుకు సంతోషించాల్సినవాడిని, నా డబ్బాను కాదన్నందుకు మొహం మాడ్చుకున్నాను. ఎంత మూర్ఖత్వమో చూడండి.

ఆ వారమే పోయి బిగించాను. ప్లేటు పెంకుల మీద దక్షిణానికి వంచి కట్టి, తీగ కిటికీ పక్కనుంచి దించాను. తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, అందుకని డబ్బాను ఆ కిటికీ పక్క గోడకే కొట్టాను. ట్యూబులైటు సరిగ్గా మగ్గం మీద వేలాడదీశాను. పొద్దు గూకింది. ఆయన గుంటలోకి దిగి కూర్చున్నాడు. స్విచ్చు ఆమెతో వేయించాను.

తెల్లటి వెలుతురు పడుగు మీద పరుచుకుంది. మగ్గం మీదున్నది ఎర్ర అంచు చీర. పొద్దు గూకాక ఆ అంచు ఎర్రగా కనిపించడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన పోగు చుట్టిన నాడె విసిరాడు. టకటక టకటక మొదలైంది. వాడలో పిల్లలంతా గడపలో పోగయ్యారు. నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. ఆఖరి బస్సు పోతుందని తెలిసి కూడా లేవబుద్ధి కాలేదు. నా చేత్తో వెలిగించిన లైట్లు చాలా ఉన్నాయి గానీ, మనసారా చూసింది ఆ ఒక్కటే.

చలికాలం, ఎండాకాలం బాగా గడిచాయి. భివండి మాట ఇంట్లో ఎత్తడమే మానేశాడని, సంతకొచ్చినప్పుడు ఆమె నవ్వుతూ చెప్పింది. తర్వాత వానలు పడ్డాయి. ముసురు పట్టి వారం పది రోజులు ఎండ మొహం లేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ తడుచుకుంటూ దుకాణంలోకొచ్చారు. ఆయన సంచిలోంచి ఒక చీర తీసి బల్ల మీద పరిచి, వేలితో ఒకచోట చూపించాడు. నాకేమీ కనబడలేదు. వెలుతురుకెత్తి పట్టుకుంటే అప్పుడు కనబడింది, గుడ్డకు అడ్డంగా వెంట్రుకంత సన్నటి గీత. నేత సగంలో ఉండగా లైటు ఆరిపోతే చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ మొదలుపెడితే పోగును బిగించే దెబ్బ అదే బిగువులో పడదు. అక్కడ గీత ఉండిపోతుంది. నేతవాడు ఎప్పుడూ అట్లా ఆపడు. ఆపే ముందు ఒక పద్ధతి ఉంటుంది, పోగును ఒక చోటికి తెచ్చి, దెబ్బ బిగించి, పడుగు వదులు చేసి లేస్తాడు. చీకట్లో ఆ పని కుదరదు. చీరలు తీసుకునే చోట రెండింటిని గీత ఉందని తిప్పి పంపారు.

ఆయన కోపంగా బల్ల చరిచాడు. హైదరాబాదు డబ్బా తనను నమ్మడం లేదని, తన ఇంట్లో తన లైటును ఆర్పడానికి అదెవరని, లైటు ఆర్పని డబ్బా కావాలని, లేకపోతే ప్లేటుతో సహా అన్నీ వాపసు తీసుకొమ్మని ఒకటే గోల.

ఆమె ఆయన మాటలయ్యేదాకా ఆగింది. తర్వాత నావైపు తిరిగింది. ఎర్ర దీపం కంటే ముందు పసుపు దీపం చాలాసేపు వెలుగుతుందని, తాను గమనిస్తూనే ఉన్నానని చెప్పింది. కానీ ఆ డబ్బా నేసేవాడి వీపు వెనక గోడకు ఉంది. గుంటలో కూర్చున్నవాడు వెనక్కి తిరగలేడు. తాను వెనక వంటింట్లోంచి కేకేస్తే మగ్గం చప్పుడులో వినబడదు.

"ఆ డబ్బను ఆయన ముందటి గోడకు జరుపు అన్నా. పసుపు దీపం సూస్తడు, పద్ధతి ప్రకారం ఆపుకొని లేస్తడు. ముసురున్న దినాలు ఓ గంట తక్కువ నేస్తడు, అంతే గద."

అంతే. నాలుగు గజాల తీగ, రెండు మేకులు, అరగంట పని. నేతపని ఎట్లా నడుస్తుందో అడగకుండా, తీగ పొట్టిగా ఉండాలని చూసుకుని నేనే తప్పు గోడకు కొట్టాను. ఆ ముక్క ఒప్పుకుంటే అయిపోయేది. కానీ ఒకామె, చదువు లేనామె, నా పని నాకు నేర్పుతున్నట్టు తోచింది నాకు. పైగా ఆయన చూపు అల్మారాలోని నా నీలి డబ్బా మీదుంది. ఆరు నెలలుగా నాలో మండుతున్నది ఇంకా చల్లారలేదు.

తీగ పొడవైతే కరెంటు తగ్గుతుందని కసిరాను. నాలుగు గజాలకు తగ్గేదేమీ లేదని నాకు తెలుసు. నా డబ్బా అయితే లైటు ఆర్పనే ఆర్పదని ఆయనతో అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆమె బల్ల మీది చీరను మడిచి సంచిలో పెట్టింది. తర్వాత అడిగింది.

"నువ్వే సెప్పన్నా. ఏది వెడితే మా లైటు ఎక్కువ దినాలుంటది?"

నాకు జవాబు తెలుసు. ఆ తాలూకాలో నాకంటే బాగా తెలిసినవాడు ఉండడు. ఆమె ముందర నా నీలి డబ్బాను పెట్టి, "నాదే చెల్లె" అన్నాను.

హైదరాబాదు డబ్బా వాపసొచ్చింది. దాన్ని అందరికీ కనిపించేటట్టు బల్ల మీద పెట్టుకుని, ఎందుకొచ్చిందని ఎవరడిగినా, అడగకపోయినా చెప్పేవాడిని. పిరమైనదంతా మంచిది కాదని ఉపన్యాసం. రాసుకుంటుంటే ఇప్పుడు కూడా నా చెంప మీద నేనే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

నా డబ్బా నేను చెప్పినట్టే చేసింది. ఒక్కరోజు కూడా లైటు ఆర్పలేదు. ముసురైనా, మంచైనా, బ్యాటరీ అడుగంటేదాకా వెలిగింది. వెలుతురు కొద్దికొద్దిగా తగ్గుతుంది కనుక ఆయనకు ఆపుకోవడానికి సమయం దొరికేది. గీతలు పడలేదు. చీరలు తిరిగి రాలేదు. ఎదురుపడితే చాలు, నా డబ్బాను మెచ్చుకునేవాడు. ఎండాకాలం వచ్చింది. ఒకరోజు ఆమె ఒక్కతే వచ్చి బ్యాటరీలో పోసే నీళ్లు రెండు సీసాలడిగింది. పోయినేడు ఒక సీసా కూడా పట్టలేదని, ఇప్పుడు వారానికోసారి పోయాల్సి వస్తోందని చెప్పింది. నా డబ్బాకు వేడి సంగతి తెలియదు కదా, రోజూ ఉడికిస్తోందన్నమాట. అప్పుడైనా చెప్పవచ్చు. సీసాలు గుడ్డపేలికలో చుట్టి ఇచ్చి, ఎండలు ఎక్కువున్నాయి అన్నాను.

మళ్లీ వానలొచ్చేసరికి లైటు పావుగంటకు మించి నిలవడం లేదు. బ్యాటరీని బస్సు మీద వేసుకుని తెచ్చారు. మూతలు తీసి చూస్తే లోపలి పలకల మీద తెల్లటి పొర గడ్డకట్టి ఉంది. రెండు రోజులు ఛార్జింగులో పెట్టాను, లేవలేదు. చచ్చింది. సరిగ్గా చూసుకుంటే నాలుగైదేళ్లు రావాల్సిన బ్యాటరీ. మళ్లీ కొత్తది కొనడానికి ఆమె చెవులకు కమ్మలు లేవు. అప్పుడు చూశాను.

దసరా వెళ్లాక ఆయన భివండి బయల్దేరాడు. బస్సుకు ఇంకా టైముందని రేకు పెట్టెతో నా దుకాణానికే వచ్చి కూర్చున్నాడు. చాయ్ తెప్పించాను. నాది తాగకుండా పక్కన పెట్టాను. ఆయనే నన్ను ఓదార్చాడు. నీ డబ్బా తప్పేం లేదన్నా, బ్యాటరీయే ఖరాబుది దొరికింది మాకు అన్నాడు.

ఆ బస్సు పోయాక పదిరోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి నా దగ్గరున్న వాటిలో మంచి బ్యాటరీ ఒకటి, ఆ హైదరాబాదు డబ్బా, పది గజాల తీగ తీసుకుని ఆ ఊరికి పోయాను. మగ్గం మీద పడుగు లేదు. గుంట మీద చెక్కలు పరిచి ఉన్నాయి. ఆమె ఆ చెక్కల మీద కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సామాన్లు కింద పెట్టి, నిలబడే చెప్పాను. నాకు తెలిసే అబద్ధమాడానని, నీ మాట వింటే ఆయన ఇక్కడే ఉండేవాడని.

ఆమె చేతిలోని బీడీకి దారం కట్టడం పూర్తిచేసింది.

"నాకెరుకేనన్నా. నేనడిగినప్పుడు నువ్వు నా దిక్కు సూడలే, నీ డబ్బ దిక్కు సూసినవ్."

మరి ఆయనకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే తగాదాకొస్తాడు, తగాదా పడితే బ్యాటరీ తిరిగి రాదు అన్నది. ఇంకో మాట కూడా అన్నది. ఊరుగాని ఊళ్లో పదిమందితో ఒక్క గదిలో పడుకునే మనిషికి, మనకు మంచి చేసినవాళ్లు ఒకరిద్దరున్నారనుకుంటేనే నిద్ర పడుతుందని. ఆమె లేచి, చేట పక్కన పెట్టి, బిగిస్తే బిగించు, బీడీల మందం, చుట్టుకునేటంతన్న లైటు కావాలె అన్నది. బిగించాను. ఆమె ఇవ్వబోయిన డబ్బు నేను తీసుకోనంటే, మధ్యాహ్నానికి అన్నం తినే పొమ్మంది. ఆ అన్నం నేను ఎట్లా తిన్నానో నాకే తెలియదు.

ఆ తర్వాత ఆయన ఏటా దసరాకు వచ్చి పోయేవాడు. మరమగ్గాల దూది గొంతులో చేరి మాటకొకసారి దగ్గేవాడు. పోయే రోజు మధ్యాహ్నం నా దుకాణం అరుగు మీద కూర్చోవడం మాత్రం మానలేదు. అక్కడ భివండిలో మన దిక్కువాళ్లందరికీ నీ డబ్బా గురించి చెప్పిన అనేవాడు. ఒక్కనాడు కూడా లైటు ఆర్పలేదని చెప్పిన అనేవాడు. నేను నవ్వేవాడిని. ఆ నవ్వు ఏటేటా కష్టమయ్యేది.

మూడో ఏడు ఇక నావల్ల కాలేదు. ఆయన మెచ్చుకోవడం మొదలుపెట్టగానే చాయ్ గ్లాసు కింద పెట్టి, మొత్తం చెప్పేశాను. గోడ తప్పని, తీగ మాట అబద్ధమని, బ్యాటరీ మంచిదేనని, చంపింది నా డబ్బా అని. తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా పడదామనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను.

ఆయన దగ్గు ఆగేదాకా కూర్చున్నాడు. ఇంటి దగ్గర ఆమెకు తెలుసా అని అడిగాడు. మొదటినుంచీ తెలుసని చెప్పాను. అయితే తాను మూడేండ్లుగా ఇంట్లో నా డబ్బాను పొగుడుతుంటే ఆమె వింటూ ఊరుకుందా అని మెల్లగా తనలో తానే అనుకున్నాడు. బస్టాండులోకి వస్తున్న బస్సు హారను వినబడింది. రేకు పెట్టె పిడి పట్టుకుని లేచాడు. నా మీద ఆయన కళ్లల్లో కోపం లేదు. అది ఉంటే నాకు బాగుండేది.

"నువ్వంటె అబద్ధమాడినవన్నా. నా పెండ్లాం నా ముందట్నే నిజం సెప్పింది, నేను ఇనలే. గిది నేనెవలకు సెప్పుకోవాలె?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. బస్సు దాకా వెంట పోయాను. పెట్టె నేనే ఎత్తి టాపు మీదికి అందించాను, ఆయన వద్దనలేదు. కిటికీ పక్క సీటు దొరికినా నేనున్న పక్కకు తిరగలేదు, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. మరుసటి దసరాకు ఊరికొచ్చాడని విన్నాను. నా దుకాణానికి రాలేదు.